స్విచ్చి వేసే ఉంది

చోడవరంలో మాడుగుల బస్సులు మలుపు తిరిగే చోట, నాలుగు రేకుల కింద అల్లాబక్ష్ షెడ్డు. ఇంజన్ల జోలికి ఆయన పోడు. బ్రేకుల జోలికీ పోడు. బండిలో వైరు పాకినంత మేరే ఆయన పని. ముప్పై ఏడేళ్లుగా అదే. "సాయిబు గారు ముట్టుకున్న లైటు మళ్లీ ఆరదు" అని చుట్టుపక్కల రైతులు చెప్పుకుంటారు. ఆ మాట చెవిన పడితే తల వంచుకుని పనిలో మునిగినట్టు కనబడతాడు గానీ, ఆ పూట టీ ఆయనకి కాస్త తియ్యగానే ఉంటుంది.

చెరుకు సీజను మొదలైన రెండో వారంలో ఒక ఉదయం, రోలుగుంట వైపు రైతు పెదబాబు ట్రాక్టరు తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. వెనక తగిలించిన ట్రక్కు ఖాళీగా ఉంది. సీజను కోసం దానికి కొత్తగా రంగు వేయించాడు. ఆకుపచ్చ తొట్టి, పసుపు అంచులు, వెనక తలుపు మీద తామరపువ్వు, దాని కింద నూకాలమ్మ పేరు. తలుపు నిండా పసుపు నీళ్ల చారలు. చక్రానికి గుమ్మడి గింజలు రెండు అంటుకుని ఉన్నాయి. దిష్టి తీశారనుకున్నాడు అల్లాబక్ష్. సీజనులో ఏ బండి చూసినా అంతే.

"ఎనక లైట్లు ఎలగట్లేదు సాయిబు గారూ. రేపు బ్రేకు ఇనస్పెక్టరుకి సూపించాల."

"ఎఫ్.సీ.కా? ఫిట్‌నెస్ కాగితానికా?"

పెదబాబు అవునన్నట్టూ కాదన్నట్టూ తల ఆడించాడు. మామూలుగా అయితే వచ్చీ రాగానే బల్ల మీద కూలబడి, ఆయన టీలో సగం తాగేసి, "ఊరందరికీ లైట్లెలిగిస్తారు గాని మీ ఇంట్లో ఫేను తిరగదట గదండీ" అని ఆటపట్టించే మనిషి. ఆ రోజు నిలబడే ఉన్నాడు.

ఎడమ లైటు ఎర్ర గాజు పగిలి ఉంది. కుడిది చెక్కు చెదరలేదు.

"దేనికో తగిలినట్టుందే?"

"తగిలింది," అన్నాడు పెదబాబు.

అల్లాబక్ష్ అడగలేదు. రోగమేమిటో బండినే అడగడం ఆయనకి అలవాటు. రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోతే బల్బుల తప్పు అనుకోడానికి లేదు. అయినా బల్బులు తీసి, వెలుతురుకెత్తి చూశాడు. లోపలి తీగలు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. స్విచ్చి వేయించి, టెస్టు ల్యాంపు ఒక కొస ట్రాక్టరు ఇనుముకి పెట్టి, రెండో కొసతో హోల్డరు లోపల తాకాడు. టెస్టు ల్యాంపు వెలిగింది. కుడివైపూ అంతే. అంటే ట్రాక్టరు నుంచి కరెంటు చక్కగా వస్తోంది. బల్బు బాగుంది, కరెంటు ఉంది, వెలుగు లేదు.

"ఎర్తు," అనుకున్నాడు.

కరెంటు వెళ్లడానికి ఒక దారి కావాలి, తిరిగి రావడానికి ఇంకో దారి కావాలి. బళ్లలో వెళ్లే దారికి వైరు వేస్తారు. తిరుగుదారి బండి ఇనుమే. దాన్నే ఎర్తు అంటారు. ఆ దారి ఎక్కడ తెగినా దీపం వెలగదు. ఆయన బల్బులు మళ్లీ పెట్టి, ఒక వైరు ముక్క తీసుకుని, కుడి లైటు ఒంటికీ ట్రాక్టరు ఇనుముకీ కలిపి పట్టుకున్నాడు. లైటు వెలిగింది. వదిలేశాడు. ఆరిపోయింది.

అప్పుడు బోల్టులు విప్పాడు. లైటు చేతిలోకి ఊడి రాగానే నవ్వొచ్చింది. లైటుకీ తలుపుకీ మధ్య, సైకిలు ట్యూబు కోసి గుండ్రంగా చేసిన రబ్బరు బిళ్ల ఉంది. బోల్టు తలకాయల కింద కూడా చిన్న చిన్న రబ్బరు బిళ్లలు. బోల్టు దూరే కన్నం లోపలిదాకా రంగు పూసి ఉంది. లైటు బిగిస్తే కొత్త రంగు గీసుకుపోతుందని పెయింటరు పడ్డ జాగ్రత్త అది. పువ్వు వేసిన చెయ్యి కదా, దానికి ఇనుము కనబడితే మనసొప్పి ఉండదు. రబ్బరు కింద రంగు మీద ఒక్క గీత లేదు. రంగు ఆరి రబ్బరుకి అంటుకుపోయింది కూడా. ఎడమవైపూ అదే కథ.

"పెయింటరు కొంప ముంచేడండి. ఇనుముకి ఇనుము తగలకుండా రబ్బరు పెట్టేడు. రంగేసిన కాణ్ణించీ ఇవి ఒక్కసారి కూడా వెలిగుండవు," అన్నాడు అల్లాబక్ష్.

పెదబాబు రోడ్డు కేసి చూస్తున్నాడు. వినలేదనుకున్నాడు ఆయన.

గరుకు కాగితంతో రంగు గీకాడు. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్లు వేసి, తుప్పు పట్టకుండా గ్రీజు రాసి బిగించాడు. పగిలిన గాజు మార్చాడు. ఎక్కడ గీకాడో కనబడకుండా అంచుల్లో ఆకుపచ్చ రంగు చుక్కలద్దాడు. ఆ చివరి పని ఎవరూ అడగలేదు.

"స్విచ్చి వెయ్యండి."

పట్టపగలే రెండూ ఎర్రగా వెలిగాయి. పెదబాబు వెనక్కొచ్చి వాటిని చూశాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. దుమ్మనుకున్నాడు అల్లాబక్ష్.

*

నెల దాటాక ఒక మధ్యాహ్నం, ముప్పై ఏళ్లు కూడా ఉండని ఒక అమ్మాయి షేరు ఆటో దిగి షెడ్డు ముందు నిలబడింది.

"లైట్లు సేసే సాయిబు గారంటే మీరేనా బాబూ?"

"నేనేనమ్మా. బండేది?"

"బండి లేదు. ఒక మాట అడగాలని వచ్చేను."

ఆయన బల్ల మీద వైర్లు పక్కకి తోసి చోటిచ్చాడు. ఆమె కూర్చోలేదు.

"పెదబాబు గారి ట్రక్కు లైట్లు మీరు సూసేరట. పెద్దమనుషుల దగ్గిర ఆయన సెప్పేరు. లైట్లు బాగున్నాయి, కావాలంటే సాయిబు గార్నడగండి అన్నారు. నాను నిజంగా అడుగుతానని ఎవలూ అనుకోలేదు."

"నువ్వెవరమ్మా?"

"నా పేరు చిన్నతల్లి. ఆ ట్రక్కుని గుద్దుకుని పోయింది మా ఆయన. నూకరాజు."

అల్లాబక్ష్ చేతిలో కటింగు ప్లయరు అలాగే ఉండిపోయింది. రావికమతం రోడ్డులో మోపెడ్ మీద ఎవరో పోయారని విన్నాడు. సీజనులో ఏటా వినేదే. ఏ బండికో అడగలేదు. ఇప్పుడు తలుపు మీది పసుపు చారలు, గుమ్మడి గింజలు, కూర్చోకుండా నిలబడ్డ పెదబాబు, అన్నీ వరసగా కళ్ల ముందుకొచ్చాయి. అది దిష్టి కాదు. ప్రాణం పోయిన బండికి మైల కడిగారు.

చిన్నతల్లి చెప్పింది. ఆ రోజు పొద్దున పక్కవాళ్ల గేదె పెరట్లోకొచ్చి ఆనపపాదు తినేసింది. తడిక కట్టమని వారం నుంచి చెబుతోంది. మొగుడు కట్టలేదు. మాటా మాటా పెరిగింది.

"నువ్వుంటే ఏటి, పోతే ఏటి అన్నాను బాబూ. పాదు గురించి. ఆడు పగలంతా పలకలేదు. సందేళ మోపెడ్ తీసి చోడారం కేసి ఎల్లేడు. ఎందుకెల్లేడో సెప్పలేదు. ట్రక్కు రోడ్డు వారగా ఆగుందట, చెరుకు కట్టు జారితే బిగిస్తన్నారట. ఎల్లి దాన్ని కొట్టుకున్నాడు."

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఇప్పుడు మా అత్త ఏటంటాదంటే, కళ్లున్నోడు ఎలుగుతన్న లైట్లని గుద్దుకుంటాడేటే, ఆడు కావాలనే పోయేడు, నీ మాటే సంపింది అంటాది. ఊరంతా అదే అంటన్నారు. నాకూ అదే అనిపిస్తంది. అందుకే అడుగుతన్నాను. ఎలిగితే ఎలిగేయనే సెప్పండి. నాను పడతాను. ఎలక్కపోతే అదీ సెప్పండి."

ఆయన తొందరపడలేదు. పొరపాటున ఒక్క మాట ఎక్కువ చెప్పకూడదని మనసులో పని మొత్తం మళ్లీ చేశాడు. బల్బులు విప్పాడు, కరెంటు చూశాడు, రబ్బరు తీశాడు. గుద్దుకున్న దెబ్బకి వైరు ఊడితే ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. ఇది అది కాదు. ఆ రంగు మీద గీత లేదు. బోల్టు ఇనుముని తాకనే లేదు.

"వెలగలేదమ్మా," అన్నాడు. "ఆ సాయంత్రమే కాదు, రంగేసిన కాణ్ణించీ వెలగలేదు."

ఎలా తెలుసని ఆమె అడిగింది. ఆయన రబ్బరు సంగతి, దారుల సంగతి నిదానంగా చెప్పాడు.

"అంటే కరెంటు ఎల్లింది గాని, తిరిగి రాడానికి దారి లేదు."

"అంతే తల్లీ."

చిన్నతల్లి అప్పుడు కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆయన లేచి, ఎండ ఆమె మీద పడకుండా గోనె పరదా దించాడు.

"ఈ మాట మా అత్తకి సెప్తారా బాబూ?"

"చెప్తాను. ముందు కాగితం మీద ఎక్కించుకుందాం. కాగితం మీదుంటే ఎవరైనా నమ్ముతారు."

ఆమె వెళ్లాక ఆయన తుక్కు డబ్బా నేల మీద బోర్లించాడు. అడుగున, కాలిన ఫ్యూజుల మధ్య, రబ్బరు బిళ్లలు రెండు దొరికాయి.

*

ముందు పెదబాబు ఇంటికి వెళ్లాడు. ఆయనకి తెలియకుండా స్టేషను మెట్లెక్కడం అల్లాబక్ష్‌కి ఇష్టం లేకపోయింది. పెదబాబు మనిషి సగమయ్యాడు. గెడ్డం పెరిగింది. కళ్లంలో నులక మంచం వాల్చి, కూర్చోమని చేత్తో చూపించాడు.

"ఆ రోజు నాతో ఒక్క మాట చెప్పలేదు మీరు."

"మైల పడ్డ బండి గురించి నోట్తో ఏటి సెప్పమంటారు? మా అమ్మ కడిగించింది. లోడు దింపేసి, ఎల్లుండి బండట్టుకురా అని పోలీసులొగ్గేరు, చెరుకు ఎండిపోతాదని జాలిపడి. దెబ్బకి లైట్లు పోయేయనుకున్నాను, మీకాడికి తెచ్చేను. ఇందులో దొంగతనమేటుంది?"

"దొంగతనం కాదు పెదబాబు గారూ. కాని దెబ్బకి పోలేదవి. అంతకుముందే..."

"రబ్బరు పెట్టేడు అన్నారు. ఇన్నాను," అన్నాడు పెదబాబు.

అల్లాబక్ష్ మంచం అంచున కూర్చున్నాడు.

"ఇన్నాను. ఇంటికొచ్చి ఆ రాత్రి పడుకోలేదు, ఆ మర్నాడూ పడుకోలేదు. తరవాత ఒకటి గుర్తొచ్చింది. నాను స్విచ్చి వేసేను. ఈ సేత్తోనే. ముందర మీటరు పక్కన సిన్న దీపం ఎలిగింది. బ్రేకు ఇనస్పెక్టరొచ్చినప్పుడు కూడా స్విచ్చి వేసే ఉంది. అదే సెప్పేను. అది అబద్ధమా?"

"అబద్ధం కాదు. ముందర దీపం ట్రాక్టరు ఇనుముతో వెలుగుద్ది. వెనకవాటితో దానికి పని లేదు."

"నాకు కరెంటు సదువు సెప్పకండి. స్విచ్చి వేసే ఉంది. అంతవరకే నాకు తెలుసు. అంతకుమించి నన్ను తెలుసుకోమనకండి సాయిబు గారూ. నాకు ఇద్దరు ఆడగుంటలు."

"ఆ ముసలమ్మ దగ్గిరికెళ్లి ఒక్క మాటంటే చాలు. కోడల్ని చంపుకుతింటోంది."

"ఎల్లి నా లైట్లు ఎలగలేదంటే, మీ కొడుకుని నానే సంపేనన్నట్టే గదా."

అల్లాబక్ష్ వెళ్లడానికి లేచాడు. పెదబాబు వీధి చివరిదాకా వెంట వచ్చాడు. విడిపోయే ముందు, "ఆ అమ్మాయికి బియ్యం పంపేను. తీసుకున్నారు," అన్నాడు, అది కూడా తప్పేమో చెప్పమన్నట్టు.

*

స్టేషనులో హెడ్డు కానిస్టేబులు ఝాన్సీ. అల్లాబక్ష్ ఆమె స్కూటీ హారను రెండుసార్లు బాగుచేశాడు. ఆమె కుర్చీ వేయించి, ఫ్యాను ఆయన వైపు తిప్పి, మొదటినుంచి చివరిదాకా అడ్డు రాకుండా వింది. చిన్నతల్లి గుమ్మం పక్క నిలబడింది.

"బాబాయ్, మీరు రిపేరు చేసింది యాక్సిడెంటుకి ముందా, తరవాతా?"

"మర్నాడు."

"మరి బ్రేకు ఇన్‌స్పెక్టరు చూసింది ఆ తరవాత రోజు. టెయిల్ ల్యాంపులు పనిచేస్తున్నాయని రాశారు. మీరు బాగుచేసేరు కాబట్టి పనిచేసేయి. ఆయన తప్పు రాయలేదు."

"లేదమ్మా. నేను బాగానే చేసేను."

"విప్పినప్పుడు ఫోటో ఏవైనా తీసేరా?"

"లైటు విప్పినప్పుడల్లా ఫోటో తీస్తామా అమ్మా?"

ఆయన రబ్బరు బిళ్లలు బల్ల మీద పెట్టాడు. ఝాన్సీ వాటిని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. చూసిన తీరులో వెటకారం లేదు. "వీటిని చూస్తే మీకు తెలుస్తుంది. ఇంకెవరు చూసినా ట్యూబు ముక్కలే," అంది. తరవాత ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. ఆ సాయంత్రం దారినపోయేవాళ్లు తీసింది, ఊళ్లన్నీ తిరిగింది. చీకట్లో చెరుకు లోడు, దాని కింద కుడివైపు లైటు ఎర్రగా, మండుతున్నట్టు.

"అది ఫోను ఫ్లాష్ పడి మెరిసింది. దీపం కాదు. గాజు."

"నాకూ అలాగే అనిపించింది. మోపెడ్ లైటు వెయ్యలేదు, అందుకని అతనికి ఆ మెరుపు కూడా కనబడుండదు. కాని మోపెడ్ లైటు ఎందుకు వెయ్యలేదంటే మళ్లీ అది అతని మీదికే వస్తుంది." ఆమె గొంతు తగ్గించింది. "మీ స్టేట్‌మెంట్ రాస్తాను. ఫైల్లో పెడతాను. నేను మీ మాట నమ్ముతున్నాను బాబాయ్. నా నమ్మకాన్ని కాగితానికి గుచ్చలేను కదా."

రాసింది. ఒక్క మాట తప్పు పోకుండా రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకుంది. చిన్నతల్లి ఒక నకలు అడిగితే, ఇవ్వడానికి వీల్లేదని మెల్లగా చెప్పింది.

బయటికొచ్చాక అల్లాబక్ష్ మెట్లు దిగాడు. లోపల ఉన్నంతసేపూ ఆయనకి ఒకటే గుర్తొస్తూ ఉంది. అంచుల్లో ఆకుపచ్చ రంగు చుక్కలు తను ఎంత శ్రద్ధగా అద్దాడో.

*

ఆ శుక్రవారం నమాజు అయ్యాక ఒక చిన్న బ్యాటరీ, పాత టెయిల్ ల్యాంపు, ఇనపరేకు ముక్క సంచిలో వేసుకుని చిన్నతల్లి వాళ్ల ఊరికి వెళ్లాడు. రావికమతం దాటి ఆటో దిగితే చెరుకుతోటల మధ్య నడక. కాగితం లేకపోతేనేం, కళ్లారా చూపిస్తే నమ్మదా అనుకున్నాడు.

అత్త అచ్చియ్యమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. ఎముకల గూడులాంటి మనిషి. చిన్నతల్లి విషయం చెప్పి, గోడవారకి తప్పుకుంది.

"కూకో బాబూ. ఎండన పడి వచ్చేవు," అంది అచ్చియ్యమ్మ. మంచినీళ్లు తానే లేచి తెచ్చింది.

ఆయన రేకు అరుగు మీద పెట్టాడు. ల్యాంపుని రేకుకి ఆనించి, బ్యాటరీ కలిపాడు. వెలిగింది. మధ్యలో రబ్బరు బిళ్ల పెట్టాడు. ఆరిపోయింది. రబ్బరు తీస్తే వెలిగింది, పెడితే ఆరింది. నాలుగుసార్లు చేశాడు. అచ్చియ్యమ్మ చింతపండు పక్కన పెట్టి, ముందుకి వంగి చూసింది.

"ఈ రబ్బరు ఆ ట్రక్కుదేనమ్మా. నా చేత్తో తీసేను. మీ అబ్బాయి వచ్చేవేళకి ఆ లైట్లు చీకటిగా ఉన్నాయి. ఆయనకి కనబళ్లేదు. కావాలని పోలేదు."

"స్విచ్చి వేసే ఉందని ఆల్లు సెప్పేరు."

"వేసే ఉంది. అయినా వెలగదు. ఇప్పుడు చూసేరు కదా?"

"సూసేను. ఇది నీ లైటు బాబూ. ఆ బండిది కాదు. ఆ బండిది ఫోటోలో సూసేను, ఎర్రగా మండతంది. బ్రేకు ఇనస్పెక్టరు సూసేడు, ఎలిగింది. నువ్వే బాగు సేసేవంట, నువ్వే పాడైందంటన్నావు."

"అబద్ధం చెప్పడానికి నాకేం పని అమ్మా?"

అచ్చియ్యమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అందుకే ఆయనకి భయం వేసింది.

"పని లేదు బాబూ. అందుకే తెలస్తంది. ఇది నీకాడికొచ్చి ఏడ్చింది. నీకు కూతురుందా?"

"ఉంది. తహమీనా."

"అదీ. దీన్ని సూసి నీ కూతురు గుర్తొచ్చింది. ముసిల్దాని నోరు ముయ్యిస్తే ఈ గుంట బతుకుతాదని, పని మానుకుని, బరువు మోసుకుని ఇంత దూరం వచ్చేవు. ఉట్టి మాట సెప్పడానికి ఇంత కష్టపడ్డావంటే నువ్వు శానా మంచోడివి. మా ఊళ్లో ఒక్కడు కూడా దీని కోసం అబద్ధమాడలేదు."

"అబద్ధం కాదమ్మా."

"కాదులే," అంది ముసలమ్మ, పిల్లవాణ్ణి ఊరుకోబెట్టినట్టు. "కాదులే బాబూ. మంచినీళ్లు తాగు."

ఆయన ఇంకోసారి రబ్బరు తీసి, ల్యాంపు వెలిగించబోయాడు. వైరు సరిగ్గా తగల్లేదు. అచ్చియ్యమ్మ మర్యాదగా చూపు పక్కకి తిప్పుకుని, మళ్లీ చింతపండు ముందుకి లాక్కుంది. పిక్క ఒకటి తీసి పళ్లెంలో వేసింది.

"ఆడు సిన్నప్పుడు కూడా అంతే," అంది, ఎవరితోనూ కాదు. "ఒక మాటంటే తినకుండా లేచిపోయేవోడు."

*

చిన్నతల్లి సంచి అందుకుని రోడ్డుదాకా సాగనంపింది. చెరుకు నరికేసిన మడుల్లో ఎండాకు కాలుస్తున్నారు. పొగ నేల మీదే పాకుతోంది. రోడ్డు మీదికొచ్చాక ఆమె సంచి దించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఒకటడుగుతాను, కోప్పడరు కదా?"

"అడుగమ్మా."

"మీరు సెప్పింది నిజమేనా బాబూ? నా కోసం సెప్పలేదు కదా?"

అల్లాబక్ష్ ఆమె వైపు తిరిగాడు. ఆ రోజు షెడ్డులో పరదా దించినప్పుడు ఆమె నమ్మింది. ఆ నమ్మకం ఇంతసేపూ ఆ అరుగు మీద కరిగిపోతుంటే తను చూడలేదు.

"నిజమేనమ్మా," అన్నాడు.

అన్న గొంతు ఆయనకే వినబడింది. మెత్తగా, నిదానంగా, ఏడ్చేవాళ్లని ఓదార్చే పెద్దమనిషి గొంతు. ఉట్టి మాట చెప్పేవాడు కూడా సరిగ్గా ఇలాగే అంటాడు. ఇంకోలా చెప్పి చూద్దామనుకున్నాడు. గట్టిగా, ఒట్టేసి. ఒట్టు కూడా జాలితో వేసినట్టే ఉంటుంది.

"సరే బాబూ," అంది చిన్నతల్లి. ఆయన మనసు కష్టపడకూడదని అంది. అది ఇద్దరికీ తెలిసింది.

ఊళ్లోంచి అచ్చియ్యమ్మ కేక వినిపించింది. "ఒసే, ఎక్కడే? అన్నం సల్లారిపోతంది. పొద్దున్నించీ తిన్లేదు. వచ్చి తిను, ఏడవాలంటే తిన్నాక ఏడుద్దువు గాని."

"వస్తన్నానత్తా," అని చిన్నతల్లి వెనక్కి తిరిగింది. పొలం గట్టు మీద ఆమె వెళ్తూంటే ముసలమ్మ అరుగు దిగి ఎదురొచ్చింది. దగ్గరికొచ్చాక ఏదో తిట్టింది, భుజం మీద పడ్డ ఎండాకు మసి చేత్తో దులిపింది. ఇద్దరూ లోపలికి వెళ్లిపోయారు.

చోడవరం పోయే షేరు ఆటో కిక్కిరిసి వచ్చింది. చోటు లేదన్నాడు డ్రైవరు. వెనక కూర్చున్న ఒకావిడ తన కూరల బుట్ట ఒళ్లోకి లాక్కుని, "పెద్దాయన కదా, ఎక్కనీ" అంది. అల్లాబక్ష్ ఆమె పక్కన ఇరుక్కుని, బ్యాటరీని మోకాళ్ల మీద పెట్టుకుని, అది ఎవరికీ తగలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.